పదునాలుగేండ్ల పిల్లకు వైద్యుడెవరు?



పసిబిడ్డకు జ్వరము వచ్చిన నెవరి యొద్దకు గొనిపోవలెనో మనమందఱము నెఱుగుదుము. గర్భిణికిని బాలెంతరాలికిని ఎవరిని పిలువవలెనో యెఱుగుదుము. కాని పదునాలుగేండ్ల పిల్లకు నలతగా నున్నప్పుడు ఏ వైద్యుని గుమ్మ మెక్కవలెను? ఈ ప్రశ్న చిన్నదిగా దోచవచ్చును. మా యక్కయ్య కుమార్తె విషయమున దీనికి జవాబు దొరకుటకు మాకు రెండు నెలలు పట్టినది. ఆ రెండు నెలలును పిల్ల కృశించుచునే యుండెను.

ఆమె చదువులో మొదటిది. నిరుడు మిరపకాయకోతల నాళ్ళలో తల తిరుగుచున్నదని చెప్పసాగెను. అన్నము ముందు గూర్చుండి నాలుగు మెతుకులు కతికి లేచిపోవును. పిల్లల వైద్యుడొకరు చూచి, "ఈమె యిక పసిపిల్ల కాదమ్మా, స్త్రీల వైద్యురాలికి చూపింపుడు" అనెను. ఆ వైద్యురాలు పెండ్లికాని పిల్లను పరీక్షింప వెనుదీసి, బలమునకు మందు వ్రాసి పంపెను. మూడవవారు చదువు బరువనిరి. ముగ్గురును మంచివారే. కాని ముగ్గురడిగిన ప్రశ్నలకును జవాబు చెప్పినది మా యక్కయ్యయే. పిల్ల నేలచూపులు చూచుచు గూర్చుండినది.

నాలుగవచోట, ఈ వయస్సువారి వైద్యమునందు ప్రత్యేకముగా శిక్షణ పొందిన వైద్యురాలు దొరకెను. ఆమె మా మాటలన్నియు నోపికతో విని, "అమ్మా, కొంతసేపు మీరిరువురును వెలుపల గూర్చుండుడు. అమ్మాయితో మాటాడవలెను" అనెను. అరగంటసేపు తలుపు మూసియుండెను. పిమ్మట, పిల్ల యనుమతి గైకొనియే ఆమె మాకు సంగతి చెప్పెను. నెలనెలకును పది దినములు అధికముగా రక్తస్రావ మగుచున్నదట. అందఱకు నింతే కాబోలునని పిల్ల యూరకుండినదట. పైగా తోడి పిల్లలు లావని యెగతాళి చేయగా రాత్రి భోజనము మానినదట. రక్తము మిక్కిలి క్షీణించి యుండెను.

మా యక్కయ్య యింటికి వచ్చి యేడ్చినది. "కన్నతల్లిని, నాకు చెప్పని మాట పరాయిమనిషికి చెప్పినదా?" అని. నాకును ఆడుపిల్ల గలదు. ఆ బాధ నాకు దెలియును. కాని ఆ పిల్ల చెప్పనందుకు గారణము ప్రేమ లేకపోవుట కాదు. కోతల నాళ్ళలో తల్లి తెల్లవాఱకమునుపే చేనికి బోవుట చూచి, ఆమెకు మఱియొక బరువు కాగూడదని దాచుకొన్నది.

మన పూర్వులీ వయస్సును గుర్తింపకపోలేదు. కౌమారము, పౌగండము, కైశోరము, యౌవనము అని విభజించి, పదియేండ్లకును పదునైదేండ్లకును నడిమి కాలమునకు కైశోరమని పేరిడిరి. సుశ్రుతుడు పదునాఱేండ్ల వఱకు బాల్యమనియే చెప్పెను. పదునాఱేండ్లు నిండని బాలిక గర్భము ధరించిన శిశువునకు హానియని హెచ్చరించెను. ఎఱ్ఱాప్రగడ రాజాశ్రయము పొందిన మా యద్దంకిలో పురాణము విననివారరుదు. సుశ్రుతుని యీ మాట విన్నవారు మాత్రము తక్కువ. 2019–21 నాటి జాతీయ కుటుంబారోగ్య సర్వేలో, ఆంధ్రప్రదేశమున 20 మొదలు 24 ఏండ్ల స్త్రీలలో నూటికి 29 మంది పదునెనిమిది నిండకమునుపే పెండ్లియైనవారని తేలినది.

ఈ వయస్సునకు వేఱుగా వైద్యులు గావలెనను తలంపు పాశ్చాత్యదేశములయందు గూడ నిటీవలిదే. అమెరికాలో బోస్టను నగరపు పిల్లల వైద్యశాలయందు 1951లో గాలఘర్ అను వైద్యుడు వీరికై ప్రత్యేకవిభాగము నెలకొల్పెను. 1968లో నీ వైద్యులకొక సంఘమేర్పడెను. 1994లో పట్టపరీక్ష మొదలయ్యెను. అచ్చట పిల్లల వైద్యమున మూడేండ్లు శిక్షణ పొందినవారు, ఈ శాఖకై మఱి మూడేండ్లు చదువవలెను.

ఇంతకాలము చదువదగినదేమి గలదని యడుగుదురేమో. ఎదుగుదల క్రమమొకటి. రజస్వలయైన పిమ్మట పిల్ల కొద్ది అంగుళములే పెరుగును. కావున పోషణలోపము నంతకుముందే కనిపెట్టవలెను. మొదటి రెండేండ్లు ఋతుక్రమము తప్పుట సహజమే. కాని స్రావము ఏడు దినములు మీఱిన పరీక్షింపవలెను. ఒక్కొక్కప్పుడు రక్తము గడ్డకట్టని పుట్టువ్యాధి మొదట నిట్లే బయటపడును. వీనియన్నిటికంటె గష్టమైన విద్య ప్రశ్నించుట. ఇల్లు, బడి, భోజనము, ఆటపాటలు అని సులువైన ప్రశ్నలతో నారంభించి, మత్తుపదార్థములు, వలపు, నిరాశ, ప్రాణముపై విరక్తి వఱకు మెల్లగా గొనిపోవు క్రమమొకటి యా వైద్యులు నేర్తురు. రహస్యము గాపాడుదునని ముందే మాట యిత్తురు. ప్రాణాపాయ మున్నయెడల దాచననియు ముందే చెప్పుదురు. పిల్లపై నెవరైన లైంగికముగా నత్యాచారము చేసినయెడల, 2012 నాటి చట్టము ప్రకారము పోలీసులకు దెలుపుట మన దేశమున విధి.

2011 జనాభా లెక్కలలో మన దేశమున 10 మొదలు 19 ఏండ్లవారు 25 కోట్లకు మించి యుండిరి. పైని జెప్పిన సర్వేలోనే 15 మొదలు 19 ఏండ్ల బాలికలలో దేశమంతటను నూటికి 59 మందికి రక్తహీనత గలదు. 2014 జనవరి 7వ తేదీని కేంద్రప్రభుత్వము రాష్ట్రీయ కిశోర స్వాస్థ్య కార్యక్రమము నారంభించెను. పోషణ, మనోవ్యాధులు, మత్తుపదార్థములు మొదలగు నాఱు విషయములు దానిలో జేరినవి. వారమున కొక్కటి చొప్పున బడులలో నిచ్చు నీలపు ఇనుపమాత్ర పిల్లల రక్తహీనతకు ఉద్దేశింపబడినదే. పిల్లలు దానిని చేతిలో దాచి కిటికీలోనుండి పాఱవేయుదురని మా వారు చెప్పుచుందురు! 2019 మొదలు వైద్యకళాశాలలలో జేరినవారి పాఠములలో పిల్లల వైద్యము క్రింద ఈ వయస్సువారి యారోగ్యము ప్రత్యేకాధ్యాయమైనది. మేలే, కాని యొక యధ్యాయము చదివినవారు వేఱు, అదే పనిగా నభ్యసించినవారు వేఱు. ఊరూరను ప్రత్యేకవైద్యుడు దొరకడు. కాబట్టి ఊరి సామాన్యవైద్యునికైన నీ ప్రశ్నించు విద్య చక్కగా నేర్పవలెనని నా మనవి.

వైద్యుల శిక్షణ ప్రభుత్వము పని. మనము చేయవలసినది గూడ నొకటి గలదు. పిల్లను తోడ్కొనిపోయినప్పుడు ఆమెకు బదులు మనము జవాబు చెప్పకుండుట. వైద్యురాలు బయటకు బొమ్మనిన చిన్నబుచ్చుకొనక లేచిపోవుట. తిరుగుదారిలో "ఏమడిగినది, ఏమి చెప్పితివి" అని పిల్లను గ్రుచ్చి గ్రుచ్చి యడుగకుండుట. ఈ మూడును చెప్పుట సులభము. చేయుట యెంత కష్టమో మా యక్కయ్య నెఱిగిన నాకు దెలియును.

పిల్ల కిప్పుడు నెమ్మదిగా నున్నది. ఇనుపమాత్రలు మ్రింగుచున్నది, రాత్రి భోజనము చేయుచున్నది. మొన్న పరీక్షకు బోయినప్పుడు వైద్యురాలు చెప్పకమునుపే మా యక్కయ్య లేచి వెలుపలికి వచ్చి, నా ప్రక్కన బల్లపై గూర్చుండినది. ఈ మాఱు తలుపు తెఱచుకొనునంతసేపును ఆమె కంట తడి లేదు.