హాలీ సిక్కాపై చార్మినార్ చిహ్నం

హాలీ సిక్కా అనునది పూర్వపు హైదరాబాదు సంస్థానంలో చెలామణి అయిన స్వంత ద్రవ్యం. 'హాలీ' అనగా ప్రస్తుతం చెల్లుబాటు అవుతున్నది అని అర్థం. 20వ శతాబ్దపు తొలి సంవత్సరాలలో, ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ పాలనలో, ఈ ద్రవ్యపు బంగారు, వెండి నాణేలపై చార్మినార్ బొమ్మను ముద్రించడం ఆరంభమైనది. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పాలన ముగిసేవరకు వెండి రూపాయిపై ఆ బొమ్మయే కొనసాగినది. ఒక రాజ్యానికి గుర్తుగా నాణెంపై పాలకుని ముఖాన్ని గాక ఒక కట్టడాన్ని ఎన్నుకోవడం ఇందులోని విశేషం.

నేపథ్యం

నాణెంపై గుర్తు వేయడం ఉత్తర తెలంగాణకు క్రొత్త కాదు. గోదావరి తీరాన గల కోటిలింగాలలో (నేటి జగిత్యాల జిల్లా, పూర్వపు కరీంనగర్ జిల్లా) శాతవాహనుల నాణేలు, వారికి ముందు పాలించిన గోభద, నారన, సమగోప మొదలైనవారి నాణేలు లభించినవి. ఏనుగు, ఉజ్జయినీ చిహ్నం వంటి గుర్తులు శాతవాహనుల నాణేలపై తరచుగా కనిపిస్తాయి.

ఆసఫ్ జాహీల కాలంలో పరిస్థితి వేరు. వీరు ఆచరణలో స్వతంత్రులైనప్పటికీ, 1857 వరకు నాణేలను మొగలు చక్రవర్తి పేరుననే ముద్రించారు. ఏ నిజాం కాలపు నాణెమో తెలియడానికి అతని పేరులోని ఒక అక్షరాన్ని మాత్రం ఒక మూల చేర్చేవారు. ఢిల్లీలో బహదూర్ షా పదవి కోల్పోయిన తరువాత ఆ పేరుకు అర్థం లేకపోయినది. అఫ్జలుద్దౌలా కాలంలో (1857-1869) చక్రవర్తి పేరు తొలగి, 'నిజాముల్ ముల్క్ ఆసఫ్ జా బహదూర్' అనే వంశ బిరుదము వచ్చినది. దానితో పాటు 92 అనే సంఖ్య కూడా కనిపిస్తుంది. ఇది సంవత్సరం కాదు. అరబ్బీ అక్షరాలకు సంఖ్యా విలువలు కట్టే అబ్జద్ పద్ధతిలో 'ముహమ్మద్' అనే నామానికి వచ్చే మొత్తం ఇది (మీమ్ 40, హే 8, మీమ్ 40, దాల్ 4).

ఈ నాణేలను చేతితో, సుత్తి దెబ్బతో ముద్రించేవారు. అచ్చు పెద్దది, బిళ్ళ చిన్నది కావడం వలన అక్షరాలలో కొంత భాగమే నాణెంపై పడేది. ఇట్టి నాణెంపై ఒక కట్టడపు బొమ్మను పూర్తిగా చూపడం సాధ్యమయ్యే పని కాదు. కావున చార్మినార్ నాణెం చరిత్ర యంత్రపు చరిత్ర కూడా. 1803లో ఏర్పడిన హైదరాబాదు టంకశాల 1903లో సైఫాబాదుకు మారినది. యంత్రంపై తీసిన నాణెం గుండ్రంగా, అంచుతో, ప్రతిదీ ఒకే తీరుగా వచ్చేది. బొమ్మకు చోటు దొరికినది.

నాణెం వర్ణన

రూపాయి ఒకవైపు మధ్యన చార్మినార్, దాని చుట్టూ ఆసఫ్ జా బిరుదము ఉంటాయి. రెండవవైపు విలువ, పాలనా సంవత్సరం, 'ఫర్ఖుందా బునియాద్ హైదరాబాద్' అనే టంకశాల పేరు ఉంటాయి. ఫర్ఖుందా బునియాద్ అనగా శుభప్రదమైన పునాది గలది. చార్మినార్ కమాను మధ్య ఖాళీలో ఒక చిన్న అక్షరం ఉంటుంది. మహబూబ్ అలీ ఖాన్ నాణేలపై అది 'మీమ్', ఉస్మాన్ అలీ ఖాన్ నాణేలపై 'ఐన్'. ఉస్మాన్ అలీ తొలినాటి నాణేలలో ఈ ఐన్ కురుచగాను, తరువాతి వాటిలో పూర్తి రూపంలోను ఉండడం వలన నాణేలు సేకరించేవారు వీటిని రెండు రకాలుగా లెక్కిస్తారు. పూర్వం మూలన ఉండిన పాలకుని అక్షరం ఇప్పుడు ద్వారం నడుమకు వచ్చినదన్నమాట.

రెండు పైల వంటి రాగి నాణేలపై మాత్రం చార్మినార్ లేదు. వాటిపై తుగ్రా ఉండేది. పాలకుని పేరును, బిరుదును ముడివేసినట్లు అలంకారంగా వ్రాసే లిపిని తుగ్రా అంటారు. చదువు రానివాని చేతికి అన్నిటికంటే ఎక్కువగా వచ్చేది రాగి నాణెమే. చదువు వచ్చినవారికి సైతం కష్టమైన లిపి దానిపైనే ఉండడం విచిత్రం.

చార్మినారే ఎందుకు

ఇతర సంస్థానాలు వేర్వేరు దారులు తొక్కినవి. బరోడా నాణేలపై సయాజీరావు ముఖం, తిరువాన్కూరు నాణేలపై శంఖం, మేవాడ్ నాణేలపై కోట దృశ్యం, రెండవవైపు 'దోస్తీ లండన్' అనే మాట ఉండేవి. ముస్లిం పాలకులు రూపచిత్రాలకు విముఖులు కనుక కట్టడాన్ని ఎన్నుకున్నారని అనవచ్చును గాని, అది పూర్తి సమాధానం కాదు. ముస్లిం సంస్థానమైన బహావల్పూర్ 1940లో నవాబు ముఖంతోనే నాణేలు వేసినది.

ఆసఫ్ జాహీలకు స్వంత గుర్తు లేకపోలేదు. వారి పతాకం నడుమ గల గుండ్రని బిళ్ళను కుల్చా రొట్టెగా చెబుతారు. మొదటి నిజాంకు ఒక సూఫీ గురువు ఏడు కుల్చాలు ఇచ్చి, ఏడు తరాల పాలన కలుగునని దీవించినట్లు ఐతిహ్యం. రూపాయి మధ్యకు ఆ కుల్చా రాలేదు. వచ్చిన చార్మినార్ ఆసఫ్ జాహీలు కట్టించినది కాదు. 1591లో గోల్కొండ సుల్తాను ముహమ్మద్ కులీ కుతుబ్ షా కట్టించినది. అనగా ఒక వంశం తనకు ముందటి వంశపు కట్టడాన్ని తన నాణెంపై ఉంచినది. వంశం మారినా నగరం మారదు కనుక ఈ ఎంపిక తెలివైనదే అనవలెను.

మరొక సౌకర్యం కూడా ఉన్నది. సంస్థాన ప్రజలలో తెలుగువారు సగానికి దగ్గరగా ఉండేవారు. మరాఠీ, కన్నడ మాట్లాడేవారు పెద్ద సంఖ్యలో ఉండేవారు. నాణెంపై అక్షరాలు మాత్రం ఫార్సీ లిపిలోనే ఉండేవి. 1918లో వచ్చిన కాగితపు నోట్లపై ఉర్దూతో పాటు తెలుగు, మరాఠీ, కన్నడ లిపులలో విలువ ముద్రించారు. నాణెంపై అంత చోటు లేదు. నాలుగు మినార్ల బొమ్మను గుర్తించడానికి ఏ లిపీ అక్కరలేదు.

రాజధానికి దూరాన

అయితే ఆ బొమ్మ చూపినది నగరాన్ని, నేలను కాదు. జైనూర్ ప్రాంతం ఇందుకు మంచి ఉదాహరణ. నేడు కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలో ఉన్న ఈ మండల కేంద్రం 2016 వరకు ఆదిలాబాదు జిల్లాలో ఉండేది. హైదరాబాదుకు సుమారు 300 కిలోమీటర్ల దూరంలో, గోండులు, కోలాములు నివసించే అటవీ ప్రాంతంలో ఉన్నది. ఇక్కడివారిలో అనేకులు చార్మినార్‌ను కంటితో చూడకముందే అంగడిలో వెండి రూపాయిపై చూసి ఉంటారు. వారికి అది పంట అమ్మితే వచ్చే బొమ్మ, పన్ను కడితే పోయే బొమ్మ. అటవీ ఆంక్షలకు, పశువుల మేత పన్నుకు వ్యతిరేకంగా లేచిన పోరాటంలో 1940లో కుమురం భీం జోడేఘాట్ వద్ద మరణించాడు. ఆ తరువాత మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ జైనూర్ మండలంలోని మార్లవాయిలో నివసించి గోండుల స్థితిని అధ్యయనం చేశాడు. 1943లో అక్కడ గోండు ఉపాధ్యాయులకు శిక్షణా కేంద్రం ఏర్పడినది. సంస్థానపు నాణెంపై ఈ అడవికి గాని, ఓరుగల్లుకు గాని, మరాఠ్వాడాకు గాని గుర్తు ఏదీ లేదు.

విలీనం తరువాత

1948 సెప్టెంబరులో సంస్థానం భారతదేశంలో కలిసినది. ఏడు హాలీ రూపాయలకు ఆరు భారత రూపాయల చొప్పున మారకం జరిగినది. అనగా నూరు భారత రూపాయలకు 116 హాలీ రూపాయల 10 అణాల 8 పైలు. పాత నాణేలు 1950 దశకమంతా వాడుకలో మిగిలినవి. టంకశాల 1950లో కేంద్ర ప్రభుత్వం క్రిందికి వచ్చినది, 1997లో చర్లపల్లికి మారినది. హైదరాబాదులో ముద్రితమైన నాణేలను సంవత్సరం క్రింద ఉండే నక్షత్రపు గుర్తుతో పోల్చుకోవచ్చును.

భారత రాజ్యాంగం ప్రకారం నాణేల ముద్రణ కేంద్ర జాబితాలోని 36వ అంశం కనుక రాష్ట్రాలకు తమ స్వంత నాణెం ఉండదు. అమెరికాలో 1999 నుండి 2008 వరకు 50 రాష్ట్రాలకు ఒక్కొక్క పావు డాలరు నాణెం వేశారు. నమూనాలు రాష్ట్రాల నుండి వచ్చేవి, తుది ఆమోదం కేంద్ర కోశాగార మంత్రిది. జీవించి ఉన్నవారి బొమ్మను అనుమతించలేదు.

తెలంగాణలో అదే ప్రశ్న నాణెంపై గాక రాజముద్రపై తలెత్తినది. 2014లో రాష్ట్రం ఏర్పడినప్పుడు స్వీకరించిన ముద్రలో కాకతీయ కళాతోరణం, దాని నడుమ చార్మినార్ ఉన్నవి. రాచరికపు గుర్తులకు బదులు ప్రజా పోరాటాల గుర్తులు ఉండవలెనని 2024లో ప్రభుత్వం క్రొత్త ముద్రను ప్రతిపాదించినది. తోరణాన్ని, చార్మినార్‌ను తొలగించరాదని ప్రతిపక్షం నిరసన తెలిపినది. ఆ ఏడాది జూన్ 2న జరుగవలసిన ఆవిష్కరణ వాయిదా పడినది.