నాజర్ బుర్రకథ: శ్రోతల స్పందన

బుర్రకథలో శ్రోత స్పందన ప్రదర్శన ముగిసిన తరువాత వెలువడేది కాదు. కథన నిర్మాణంలోనే అది ఇమిడి ఉంటుంది. తంబురా మీటుతూ కథకుడు కథ నడుపుతుండగా, గుమ్మెటలతో ఇరువైపులా నిలిచిన వంతలలో హాస్య వంత శ్రోతల సందేహాన్నీ, వేళాకోళాన్నీ తానే పలుకుతాడు. రాజకీయ వంత పాతకథను వర్తమానానికి ముడివేస్తాడు. అందుచేత శ్రోతలు మారితే కథ పాఠమూ మారక తప్పదు.

గుంటూరు జిల్లా పొన్నెకల్లులో జన్మించిన షేక్ నాజర్ (1920–1997) ప్రజానాట్యమండలి ద్వారా విస్తృత జనాదరణ పొందాడు. పల్నాటి యుద్ధం, బొబ్బిలి యుద్ధం ఆంధ్రులకు తెలిసిన కథలే; వాటిలో సమకాలీన రాజకీయాలను చొప్పించడం ఆయన ప్రత్యేకత. బెంగాల్ కరవు అటువంటిది కాదు. వరి పండే డెల్టా శ్రోతకు దూరదేశపు ఆకలిని తనదిగా చేయవలసిన ఇతివృత్తమది. దూదేకుల కుటుంబంలో పుట్టిన ఈ కథకుడు ప్రహ్లాద కథనూ, క్రీస్తు కథనూ చెప్పాడన్నది కూడా గమనార్హం.

నాటి మద్రాసు ప్రభుత్వం బుర్రకథను నిషేధించింది. శ్రోతల స్పందనకు ఇంతకన్న బలమైన లిఖిత సాక్ష్యం అరుదు. కదలని జనాన్ని చూసి ఏ ప్రభుత్వమూ జంకదు.

అదే కళకు 1986లో పద్మశ్రీ లభించింది. ఈ రెండు ఘట్టాల నడుమ శ్రోతలు ఎలా మారారన్నది పరిశోధనాంశం. ఆత్మకథ ‘పింజారి’ కథకుని పక్షాన సాక్ష్యమిస్తుంది. వంతల ఆశుసంభాషణలు మాత్రం అచ్చుపాఠాలలో చాలావరకు జారిపోయాయి. శ్రోతల గొంతు దాగి ఉన్నది అక్కడే.