ఒక్క గుత్తనా, పనికో మేస్త్రీనా?

ఊళ్లల్ల ఇప్పుడు ఇందిరమ్మ ఇండ్లు లేస్తున్నయ్. సర్కారు 5 లక్షలు దశల వారీగా ఇస్తది. బిల్లు రావాలంటే పని జల్ది కావాలె. అందుకే చానామంది ఇల్లు మొత్తం ఒక్క మేస్త్రీకే గుత్తకిస్తున్నరు. ఆయన సెంట్రింగ్ ఒకరికి, రాడ్ పని ఇంకొకరికి, ప్లాస్టరింగ్ మరొకరికి అప్పజెప్తడు. సబ్ కాంట్రాక్ట్ అంటే ఇదే.

సబ్ కాంట్రాక్ట్ అంటేనే మోసమని మనోళ్లు అంటరు. నేను అట్ల అనను. రోజూ రాడ్ వంచేటోనికి రింగులు ఎంత దూరంల కట్టాలెనో చేతికే తెలుస్తది. పనికో పనిమంతుడు ఉంటే ఇల్లు గట్టిగైతది.

మరి చెడేది ఎక్కడ? రెండు చోట్ల.

ఒకటి, రేటు. పైనోడు అడుగుకింత అని మాట్లాడుకొని, కొంత మిగుల్చుకొని కిందోనికిస్తడు. కిందోడు ఇంకొకనికిస్తడు. తాపీ పట్టినోని దాకా వచ్చేసరికి గిట్టుబాటు ఉండదు. ఇగ తొందర మొదలైతది. మాలు జారుగా ఉండాలని నీళ్లు ఎక్కువ పోస్తరు, కాంక్రీట్ బలం పోతది. రాడ్ కింద కవర్ బిళ్లలు పెట్టరు, కొన్నేండ్లకు స్లాబ్ పెచ్చులూడుతది.

రెండోది, ఎవరి గుత్తలనూ లేని పని. స్లాబ్ పోసినోడు పోతడు, ప్లాస్టరింగ్ చేసేటోడు ఇంకా రాడు. మధ్యల నీళ్లు పట్టేదెవరు? ఐఎస్ 456 ప్రకారం మామూలు సిమెంటుకు కనీసం 7 రోజులు, పీపీసీ లాంటి సిమెంటుకు 10 రోజులు తడి ఆరొద్దు. మన ఎండలకు ఇంకా ఎక్కువ రోజులు పట్టాలె.

అందుకే గుత్త మాట్లాడేటప్పుడే కాగితం మీద రాసుకోండ్రి. మేస్త్రీ పనిమంతునికి ఇయ్యొచ్చు, ఆయన మళ్లా ఇంకొకనికి ఇయ్యొద్దు. స్లాబ్ పోసే ముందు సెంట్రింగ్, రాడ్, కవర్ చూసి ఒప్పుకున్నంకనే ఆ పైసలియ్యాలె. నీళ్లు పట్టేది ఎవరో పేరు రాయాలె. కొంత పైకం క్యూరింగ్ అయ్యేదాకా ఆపాలె.

కానీ కూలీల పైసలు మాత్రం ఆపొద్దు. పెద్ద పనుల మీద కాంట్రాక్టర్ కూలి ఎగ్గొడితే అసలు యజమానే కట్టాలెనని చట్టమే చెప్పింది. మన ఇంటి కాడ కూడా గదే న్యాయం. కడుపు మాడ్చి నాణ్యత అడిగితే ఎవడిస్తడు?