నిక్సీ క్లాక్: 60 వోల్టుల చిప్ 170 వోల్టులకి కాలిపోదా?

నిక్సీ గడియారం అనగానే అందరూ అడిగేది ఇదే. ఐఎన్-14 ట్యూబ్ వెలగడానికి సుమారు 170 వోల్టులు కావాలి, రష్యన్ కె155ఐడీ1 చిప్ అవుట్‌పుట్ రేటింగేమో 60. మరి కాలిపోదా?

కాలదు. ఒక అంకె వెలిగిందంటే ట్యూబ్‌లో గ్యాసే దాదాపు 140 వోల్టులు తినేస్తుంది. మిగతాది ఆనోడ్ రెసిస్టర్ మీద పడుతుంది. వెలగని పిన్నుల మీదకి వచ్చేది కొన్ని పదుల వోల్టులే. సో, ఎప్పుడూ ఏదో ఒక అంకె వెలిగే గడియారానికి ఈ చిప్ చాలు.

తంటా అంతా అన్ని అంకెలూ ఆర్పాలనుకున్నప్పుడే. ఆనోడ్ వోల్టేజ్ పైకి లేస్తుంది, చిప్ లీకవుతుంది, అంకెలు దయ్యాల్లా మసగ్గా కనిపిస్తాయి. అప్పుడు నేనైతే హెచ్‌వీ5622 వాడతా: 220 వోల్టులు, 32 అవుట్‌పుట్లు. కాకపోతే దాని లాజిక్ 12 వోల్టులది, ఆర్డుయినోకి మధ్యలో లెవల్ షిఫ్టర్ పెట్టాల్సిందే.

సప్లై లెక్క సింపుల్. ఆరు ట్యూబులు, ఒక్కోదానికి 2.5 మిల్లీఆంప్స్, మొత్తం రెండున్నర వాట్లు. ఎంసీ34063తో బూస్ట్ కన్వర్టర్ కడితే బయట 250 వోల్టుల మాస్‌ఫెట్ వెయ్యండి, లోపలి స్విచ్ 40 వోల్టులదే.

ఇంకోటి. ప్లగ్ పీకేశాగా అని ఓసారి బోర్డు మీద వేలు పెట్టా. చేతిలో స్క్రూడ్రైవర్ ఎగిరి మంచం కింద పడింది! కెపాసిటర్‌లో చార్జ్ అలాగే ఉంది. ఇప్పుడు అవుట్‌పుట్‌కి అడ్డంగా 470 కిలో ఓమ్ రెసిస్టర్ వేస్తున్నా, అయినా మల్టీమీటర్‌తో చూశాకే ముట్టుకుంటున్నా.