తెర మీది కొత్త చుక్కలు

పాత పెట్టె టెలివిజన్‌ను తీసివేసి, గోడకు తగిలించే పెద్ద హై డెఫినిషన్ టెలివిజన్‌ను తెచ్చుకొన్న ఇళ్ళలో 2000 దశకం చివరి సంవత్సరాలలో ఒక వింత అనుభవం ఎదురయ్యేది. అంతవరకు ముచ్చటగా కనిపించిన పెళ్ళి డీవీడీ కొత్త తెర మీద మసకబారినట్లు తోచేది. టెలివిజన్ మంచిదే, డిస్కూ చెడిపోలేదు. మరి లోపం ఎక్కడ? దుకాణాలలో ఇందుకు దొరికిన సమాధానం 'అప్‌కన్వర్టింగ్' డీవీడీ ప్లేయరు. అది డీవీడీ బొమ్మను హై డెఫినిషన్ స్థాయికి పెంచుతుందని అమ్మేవారు చెప్పేవారు. ఆ మాటలో సత్యమెంతో తెలియాలంటే ముందు లెక్క చూడాలి.

టెలివిజన్ బొమ్మ చుక్కల సముదాయం. ఈ చుక్కలను పిక్సెళ్ళు అంటారు. మన దేశం అనుసరించిన పాల్ పద్ధతిలో డీవీడీ మీది ఒక్కొక్క బొమ్మలో అడ్డంగా 720, నిలువుగా 576, మొత్తం 4,14,720 చుక్కలుంటాయి. పూర్తి హై డెఫినిషన్ తెరలో అడ్డంగా 1920, నిలువుగా 1080, మొత్తం 20,73,600 చుక్కలుంటాయి. ఇది మొదటి సంఖ్యకు సరిగ్గా ఐదు రెట్లు. తెర అంతా బొమ్మ పరచుకోవాలంటే ఏ చుక్కా ఖాళీగా ఉండరాదు. కనుక డిస్కు ఇచ్చిన ఒక్కొక్క చుక్కకు తోడు నాలుగు చుక్కలను ఎవరో ఒకరు కల్పించి తీరాలి.

ఈ కల్పన ఊహాగానం కాదు, దానికొక పద్ధతి ఉంది. ఒక తెల్లని చుక్కకూ ఒక నల్లని చుక్కకూ నడుమ కొత్త చుక్క రావలసి ఉంటే, యంత్రం దానికి బూడిదరంగు వేస్తుంది. చుట్టుపక్కల చుక్కలను ఎంత ఎక్కువగా పరిశీలిస్తే కల్పన అంత నునుపుగా ఉంటుంది. గణితంలో దీనిని అంతర్వేశనం అంటారు. తాళపత్రాలతో పరిచయమున్నవారికి ఇది కొత్త విషయం కాదు. పురుగు తొలిచిన చోట పద్యపాదంలో నాలుగు అక్షరాలు లోపించినప్పుడు, పరిష్కర్త గణాలు, యతిప్రాసలు, సందర్భం చూసి అక్కడ ఒక మాటను పూరిస్తాడు. పద్యం సాఫీగా నడుస్తుంది. అయినా ఆ మాట కవిదని ఎవరూ ప్రమాణం చేయలేరు. నిజాయితీ గల పరిష్కర్త దానిని కుండలీకరణాలలో ఉంచుతాడు. టెలివిజన్ తెరకు ఆ సౌకర్యం లేదు.

ఇక్కడ ప్రకటనలు చెప్పని సంగతి ఒకటుంది. ఈ పూరణ చేయడానికి ప్రత్యేకంగా ప్లేయరు అక్కరలేదు. హై డెఫినిషన్ టెలివిజన్ తనకు అందిన ఏ బొమ్మనైనా తన చుక్కల సంఖ్యకు పెంచుకొనే చూపుతుంది. కాబట్టి చుక్కలు పెరుగుతాయా అన్నది అసలు ప్రశ్న కాదు. ఆ పని ప్లేయరు బాగా చేస్తుందా, టెలివిజన్ బాగా చేస్తుందా అన్నదే ప్రశ్న. కొన్ని సందర్భాలలో పని రెండుసార్లు జరిగేది. ఆ రోజులలో చాలా తెరలు 1366, 768 చుక్కలవి. ప్లేయరు 1080 గీతలకు పెంచి పంపిన బొమ్మను అవి మళ్ళీ 768కి కుదించుకొనేవి. ఒకరు దిద్దిన ప్రతిని ఇంకొకరు మళ్ళీ దిద్దినట్లన్నమాట.

మంచి ప్లేయరు నిజంగా మేలు చేసిన చోట్లు లేకపోలేదు. పాల్ పద్ధతిలో బొమ్మ ఒక్కసారిగా రాదు. బేసి గీతలు ఒక విడత, సరి గీతలు మరొక విడత, సెకనుకు 50 విడతలుగా వస్తాయి. సినిమా అయితే రెండు విడతలూ ఒకే ఫిల్ము చట్రానివి, కలిపి అల్లితే చాలు. పెళ్ళి వీడియోలో అట్లా కాదు. రెండు విడతలకూ నడుమ సెకనులో యాభయ్యవ వంతు కాలం గడిచిపోతుంది. అంతలో తలంబ్రాలు పోసే చెయ్యి కదులుతుంది. వాటిని తెలివిలేకుండా కలిపితే చేతి అంచున దువ్వెన పళ్ళవంటి గీతలు తేలుతాయి. ఏటవాలు అంచులు మెట్లుగా విరుగుతాయి. ఈ కలిపే పనిలో కొన్ని టెలివిజన్లు నాసిగా ఉండేవి. ఫరూజా వంటి సంస్థల చిప్పులు అమర్చిన ప్లేయర్లు ఆ లోపాన్ని చాలావరకు సవరించగలిగేవి.

రెండవ మేలు తీగది. పసుపు రంగు మొనగల పాత తీగలో డిస్కు మీది అంకెలు విద్యుత్తరంగాలుగా మారి, టెలివిజన్‌లో తిరిగి అంకెలయ్యేవి. ఆ మార్పిడిలో బొమ్మ కొంత చెడేది. హెచ్.డి.ఎమ్.ఐ. తీగలో అంకెలు అంకెలుగానే చేరతాయి. కొత్త ప్లేయరుతో బొమ్మ తేరుకొన్నదని సంతోషించినవారిలో పలువురికి ఆ మేలు చేసినది తీగే!

2008 ఫిబ్రవరిలో బ్లూరేతో పోటీలో ఓడి హెచ్.డి. డీవీడీని విరమించుకొన్న తోషిబా సంస్థ, అదే ఏడాది ఎక్స్‌డీ-ఈ500 అనే అప్‌కన్వర్టింగ్ ప్లేయరును విడుదల చేసింది. అంచులకు పదును, రంగులకు నిండుదనం, వెలుగునీడలకు గాఢత చేకూర్చడం దాని ప్రత్యేకత. అంచు వద్ద వెలుగును కొంచెం హెచ్చించి, నీడను కొంచెం తగ్గిస్తే కన్ను దానిని స్పష్టతగా భావిస్తుంది. హద్దు మీరితే ముఖం చుట్టూ తెల్లని గీత ఏర్పడుతుంది. డిస్కులో లేని వివరం మాత్రం పుట్టదు.

చూసే దూరాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. 40 అంగుళాల తెరకు పది అడుగుల దూరంలో కూర్చొన్న వ్యక్తి కంటికి డీవీడీ చుక్కలే దాదాపు విడివిడిగా ఆనవు. అక్కడ ఏ ప్లేయరైనా ఒకటే. ఐదారు అడుగుల దూరంలోనే తేడా బయటపడుతుంది.

సినిమా విషయంలో వేరొక ఉపాయం ఉంది. ఫిల్ము నెగటివ్ భద్రంగా ఉంటే దానిని హెచ్చు స్పష్టతతో మళ్ళీ స్కాన్ చేసి బ్లూరే తయారుచేయవచ్చు. అది పూరణ కాదు, మూలప్రతిని తిరిగి చదవడం. ఆనాటి పెళ్ళి వీడియోకు ఆ దారి లేదు. తీసిన కెమెరాయే 576 గీతలది.

ఇప్పటి 4కె తెరలలో 82,94,400 చుక్కలున్నాయి, అంటే డీవీడీకి ఇరవై రెట్లు. వేలాది చిత్రాలతో శిక్షణ పొందిన కృత్రిమ మేధ నేడు ఈ ఖాళీలను పూరిస్తున్నది. పందిరిలో దూరంగా నిలుచున్న అమ్మమ్మ ముఖం డిస్కులో పదీపన్నెండు చుక్కలే అయినా, అది అక్కడ కనురెప్పలతో సహా తేటగా ఒక ముఖాన్ని గీయగలదు. ఆ కనురెప్పలు మాత్రం అది శిక్షణలో చూసిన ఇతరుల ముఖాల నుండి వచ్చినవి.