మూట కట్టుటకు ముందు మజిలీ చూచుకొనండి

మా మాధవరం దారి మీది ఊరు. ఆదోని, ఎమ్మిగనూరు వైపుల నుండి మంత్రాలయం పోవు యాత్రికులు, తుంగభద్ర దాటి రాయచూరు పోవు ప్రయాణికులు మా ప్రాంతపు దారుల మీదుగానే పోవుదురు. శ్రావణమాసంలో రాఘవేంద్రస్వామివారి ఆరాధన దినములు వచ్చినవంటే మా ఇంటి అరుగు మీద రోగులు పెరుగుదురు. ఒకరికి వాంతులు, ఒకరికి విరేచనములు, ఒకరికి మూత్రంలో మంట, ఒకరికి కళ్ళు తిరుగుట. మందు ఇచ్చి పంపుట కష్టం కాదు. కాని ఈ బాధలలో చాలా భాగం ఇంటి నుండి బయలుదేరకముందే తప్పించదగినవి. ఈ సంగతి నేను గ్రంథములలో చదివినాను, శిష్యులకు చెప్పినాను. అయినను నా ఇంటివారి విషయంలో దెబ్బ తిన్న తరువాత గాని నాకు వంటబట్టలేదు.

నా నలుబదవ యేట, కార్తీకమాసంలో, మా వైపు గ్రామములవారు నలుబదిమంది కలిసి బస్సు మాట్లాడుకొని కాశీయాత్రకు బయలుదేరినారు. వైద్యుడు వెంట ఉంటే ధైర్యమని నన్నును, నా సహధర్మచారిణిని రమ్మన్నారు. నేను వారం దినములు కూర్చొని మందులపెట్టె సర్దినాను. చూర్ణములు, లేహ్యములు, తైలములు, గుళికలు కలిపి నలుబది సీసాలకు తక్కువ లేవు. అందరూ ఆ పెట్టెను చూచి సంతోషించినారు. నాకును కొంత గర్వం కలిగిన మాట నిజం.

రెండవనాటి రాత్రి, నాగపూరు చేరకముందే, ఆమెకు చలితో జ్వరం వచ్చినది. నడుము ప్రక్కన నొప్పి, వాంతి. పెట్టె తెరచి నాకు తెలిసినదెల్ల ఇచ్చినాను. తగ్గలేదు. తెల్లవారిన పిమ్మట ఆసుపత్రికి తీసుకొనిపోతే, అక్కడి డాక్టరు పరీక్షలు చేయించి, మూత్రపిండమునకు చీము పట్టుచున్నదని, ఇంకొక దినం ఆలస్యమైతే ప్రాణమునకే ముప్పు వచ్చెడిదని చెప్పినారు. తరువాత నన్ను ఒక్క ప్రశ్న అడిగినారు: "ఆమె నీళ్ళు తాగి ఎంతసేపైనది?"

నా వద్ద సమాధానం లేదు. ఆమెయే మెల్లగా చెప్పినది: "బస్సు ఎక్కినప్పటినుండి గొంతు తడుపుకొనుటకు మాత్రమే తాగినానండీ. తాగితే దిగవలసి వస్తుంది. దిగితే మరుగెక్కడిది?"

బస్సు ఆగినప్పుడెల్ల మగవారము దారి ప్రక్క చేలలోనికి పోయి వచ్చితిమి. ఆడవారు చీకటి పడువరకు బిగబట్టుకొని కూర్చున్నారు. తరువాత విచారిస్తే, బస్సులోని స్త్రీలందరూ అదే పని చేసినారని తెలిసినది. పెట్టెలో నలుబది సీసాలు పెట్టిన నేను, ఈ బస్సు ఎక్కడెక్కడ ఆగునని ఒక్కమారైనను అడుగలేదు. ఇంజెక్షన్లతో ఆమె కోలుకొన్నది. మేము కాశీ చూడకుండగనే తిరిగి వచ్చినాము.

శాస్త్రం చెప్పిన మాట

చరక సంహిత సూత్రస్థానంలో ఏడవ అధ్యాయం పేరు "నవేగాన్ధారణీయం". బలవంతముగా ఆపరాని వేగములు పదమూడింటిని అందులో చెప్పినారు. మూత్రం, మలం, ఆకలి, దప్పిక, నిద్ర, వాంతి మొదలైనవి వాటిలోనివి. వాగ్భటుడు అష్టాంగహృదయంలో ఇదే విషయమును "రోగానుత్పాదనీయం" అను అధ్యాయంలో చెప్పినాడు. రోగం పుట్టకుండ చూచుకొనుట అని ఆ పేరునకు భావం. ప్రయాణమనగా ఈ వేగములలో నాలుగైదింటిని ఒకేసారి ఆపుట. దప్పిక ఆపుదుము, మూత్రం ఆపుదుము, ఆకలివేళ తప్పింతుము, నిద్ర చెరుపుకొందుము. నేటి వైద్యులును ఇదే మాట వేరొక భాషలో చెప్పుదురు. నీరు తక్కువై, మూత్రం నిలువ ఉన్నచోట సూక్ష్మజీవులు పెరుగునని వారి మాట.

నేను చదువుకొన్న గురుకులంలో మా గురువుగారు ఊరికి పోవువారిని "ఎక్కడికి పోతున్నావు?" అని అడిగేవారు కారు. "ఎక్కడ ఆగుతావు?" అని అడిగేవారు. అది వారి అలవాటని ఆనాడు అనుకొన్నాను. అదియే చికిత్స అని నాగపూరులో తెలిసినది.

మొదట మజిలీలు

బట్టలు సర్దుటకు ముందు ఒక కాగితం తీసుకొని, మూడు గంటలకొక మజిలీ చొప్పున వ్రాసికొనవలెను. మరుగుదొడ్డి ఉన్న బస్టాండు, రైల్వేస్టేషను, పెట్రోలు బంకు, పరిచయమున్నవారి ఇల్లు, ఏదైనను సరే. బస్సు మాట్లాడుకొన్నచో డబ్బు ఇచ్చుటకు ముందే ఈ కాగితం డ్రైవరునకు చూపవలెను. ఈ మాట ఇంటి యజమాని అడుగవలెను. ఆడవారు సిగ్గుచేత అడుగరు.

మరుగు దొరకని దారికి రెండు పాత దుప్పట్లు, ఒక తాడు, ఒక చెంబు వెంట ఉంచుకొనవలెను. రెండు చెట్లకు తాడు కట్టి దుప్పటి వేసిన చాలు. ఆ యాత్ర తరువాత మా ఇంటివారు ఎక్కడికి బయలుదేరినను మొదట సర్దునది ఈ దుప్పట్లే. సబ్బుముక్క, టార్చిలైటు, నెలసరి ప్యాడ్లు, వాటిని చుట్టుటకు పాత కాగితములు ఆ సంచిలోనే ఉండవలెను. ప్రయాణంలో లోదుస్తులు నూలువి, వదులైనవి మేలు.

నీరు

మన పెద్దలు మరచెంబు లేనిదే గడప దాటేవారు కారు. మూత బిగిసిన ఆ ఇత్తడి చెంబులో ఇంటి నీరు ఉండేది. పాత్ర ఏదైనను నీరు మాత్రం కాచి చల్లార్చినది కావలెను. వేసవిలో మా ఆదోని ప్రాంతంలో ఎండ 40 డిగ్రీలు దాటును. అట్టి దినములలో దప్పిక వేయువరకు ఆగక, గంటకొకమారు ఒక గ్లాసు తాగవలెను. మూత్రం లేత గడ్డిరంగులో ఉంటే నీరు చాలినట్లు. ముదురు పసుపు రంగైతే చాలనట్లు. గుండె, మూత్రపిండముల జబ్బులచేత నీటికి కొలత పెట్టబడినవారు తమ డాక్టరు చెప్పిన కొలతనే పాటించవలెను.

విరేచనములు పట్టినప్పుడు ఓఆర్ఎస్ పొట్లమును మించిన మందు లేదు. 1971లో బంగ్లాదేశ్ కాందిశీకుల శిబిరంలో కలరా వ్యాపించినప్పుడు, డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీటినే తాగించి వేలమందిని కాపాడినారు. పెద్ద పొట్లమును ఒక లీటరు నీటిలో కలిపి, ఆ దినమే వాడవలెను. పొట్లం దొరకనిచో లీటరు నీటిలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలుపవలెను. చిన్న చెంచాను తలకొట్టి కొలువవలెను. ఉప్పు ఎక్కువైతే బిడ్డలకు హాని. ఏలకులు, శొంఠి వేసిన పానకం రుచికి మంచిదే గాని విరేచనములకు ఈ కొలత నీటికి బదులు కాదు.

ఆహారపు మూట

"పెద్దల మాట చద్దిమూట" అన్నారు. చద్దిమూట గొప్పతనం అది అలవాటైన తిండి కావడమే. దీనినే శాస్త్రంలో సాత్మ్యం అన్నారు. మా పశ్చిమ కర్నూలు పల్లెల నుండి యేటా ఎన్నో కుటుంబములు గుంటూరు వైపు మిరప, పత్తి చేలకు కూలికి పోవును. వారి మూటలో పెళుసుగా కాల్చిన జొన్నరొట్టెలు, కారంపొడి, వేరుశనగ పొడి ఉండును. తడి లేనందున అవి త్వరగా చెడవు, కడుపును చెరుపవు. మనము చదువుకొన్నవారము ఆ మూటను చిన్నచూపు చూచి దారిలో ఈగలు వాలిన బజ్జీలు తిందుము.

బొరుగులు, వేయించిన అటుకులు, పుట్నాలు, బెల్లపు ఉండలు, అరటిపండ్లు దారికి మంచివి. చింతపండు పులిహోర ఉదయం చేసినది సాయంత్రంలోగా ముగించవలెను. పెరుగన్నం తీసుకొనిపోవువారు తెల్లవారుజామున పాలుపోసి, కొద్ది పెరుగు తోడు కలుపుదురు. అది మంచి పద్ధతి. కాని ఎండకాలంలో మధ్యాహ్నం దాటనీయరాదు. ప్రయాణంలో అరకడుపు భోజనం చాలు. ఆకలి మాత్రం ఆపరాదు.

మందుల సంచి

నా నలుబది సీసాలు నేడు చిన్న సంచిలోనికి వచ్చినవి. బస్సు కడుపు త్రిప్పువారికి శొంఠిపొడి పావు చెంచా బెల్లంతో కలిపి బయలుదేరుటకు అరగంట ముందు. అజీర్ణమునకు వాము, సైంధవలవణం. నోటి అరుచికి ఎండు ఉసిరిక. దగ్గునకు లవంగం. ఓఆర్ఎస్ పొట్లములు నాలుగు, దూది, గాజుగుడ్డ, జ్వరమాపకం. రక్తం పలుచబరచు మాత్రలు వాడువారు వైద్యుని అడుగక శొంఠి వాడరాదు. త్రిఫల వంటి చూర్ణమును ఇంటివద్ద వాడి చూడక దారిలో మొదటిసారి వేసికొనరాదు.

చక్కెరవ్యాధి, రక్తపోటు మాత్రలు వాడువారు "యాత్రలో ఉన్నాము కదా" అని మానరాదు. అవి పెద్ద పెట్టెలో గాక చేతిసంచిలో ఉండవలెను. చీటీ నకలు ప్రక్కన ఉంచవలెను. ప్రయాణపు దినములకు మూడు దినములు ఎక్కువ లెక్కించి తీసుకొనవలెను. 2009 అక్టోబరు మొదటి దినములలో తుంగభద్ర పొంగి మంత్రాలయం జలమయమైనది. ఒక్క రాత్రి నిద్రచేసి పోదమని వచ్చిన యాత్రికులు మేడలపై చిక్కుకొనిపోయినారు. నది మన టిక్కెట్టు తేదీ చూడదు.

దూరదేశమునకు

కొడుకులు, కూతుళ్ళ వద్దకు అమెరికా పోవు తల్లిదండ్రులు నేడు ప్రతి వీధిలోను కలరు. విమానంలో నడవ ప్రక్క సీటు అడుగవలెను. లేచుటకు ఇతరులను బతిమాలవలసి వస్తే పెద్దవారు నీళ్ళు మానివేయుదురు. నాలుగు గంటలకు మించి కదలక కూర్చొను ప్రయాణంలో కాలి సిరలలో రక్తం గడ్డకట్టు అపాయం సుమారు రెండింతలగునని 2007లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తెలిపినది. కావున గంటకొకమారు లేచి నడువవలెను, కూర్చున్నచోటనే మడమలు ఎత్తి దించవలెను. పేరులేని పొట్లములలో చూర్ణములు, భస్మములు తీసుకొనిపోరాదు. అక్కడి అధికారులకు సమాధానం చెప్పలేరు, జబ్బు చేస్తే డాక్టరునకును చెప్పలేరు.

ఆలస్యం చేయరానివి

చలితో జ్వరం, నడుము ప్రక్క నొప్పి, మూత్రంలో మంట కలిసి వచ్చినను, ఆరు గంటలు మూత్రం రాకున్నను, విరేచనంలో రక్తం కనిపించినను, బిడ్డ కళ్ళు గుంటలు పడి మగతగా ఉన్నను, ఎండలో తిరిగినవారు మాట తడబడినను, ఇంటి మందులతో కాలం గడుపక వెంటనే ఆసుపత్రికి పోవలెను. ఆ రాత్రి బస్సులో నేను పోగొట్టిన గంటలు మరి ఎవ్వరును పోగొట్టుకొనరాదని ఇది వ్రాయుచున్నాను.

నాలుగేండ్ల తరువాత మేమిద్దరము మరల కాశీకి పోయినాము. ఈసారి రైలులో, మధ్యలో రెండుచోట్ల దిగి, రాత్రులు నిద్రచేసి పోయినాము. పెట్టె చిన్నది. నీళ్ళసీసా ఆమె చేతిలోనే ఉన్నది. గంగ ఒడ్డున నిలిచి ఆమె, "ఈసారి దారి అంతా చూచినానండీ" అన్నది. మీ ఇంటివారు కూడ దారి అంతా చూడవలెనంటే, మూట కట్టుటకు ముందు వారిని కూర్చోబెట్టి ఒక్క మాట అడుగండి: "ఎక్కడెక్కడ ఆగుదాము?"