చలనచిత్రములలో అభిరుచి భేదము

పుర్రెకొక బుద్ధి, జిహ్వకొక రుచి యని మన పెద్దలు చెప్పిరి. భోజనమునకు వర్తించు ఈ మాట చలనచిత్రములకును చక్కగా వర్తించును. ఒకే యింటిలో తాతగారికి పౌరాణికము, తండ్రికి సాంఘికము, తల్లికి సంగీతప్రధానమైన కథ, పిల్లలకు ఆకాశమున నెగురు వీరుని కథ ప్రీతిపాత్రములగుచున్నవి. ఇందు వింత యేమియు లేదు. కాని యీ భేదము ఇంటిలో మాటలకు అడ్డుగోడ యగునప్పుడు తల్లిదండ్రులు ఆలోచింపవలసి యున్నది. “మా వాడు చూచు సినిమాలు మాకు బోధపడవు, ఆ గోలను మేము భరింపలేము” అను మాటను తల్లిదండ్రుల నోట మేము తరచు వినుచున్నాము. ఆ చిత్రములు ఎక్కడ పుట్టినవో, పిల్లలను ఎందుకు ఆకర్షించుచున్నవో, పెద్దలకు ఎందుకు రుచింపవో, మనము చేయదగిన దేమో ఈ వ్యాసమున వివరింప యత్నించెదము.

అభిరుచి భేదమును గూర్చి మన పూర్వులు ఎన్నడో విచారించి యుండిరి. భరతుడు నాట్యశాస్త్రమున ఎనిమిది రసములను చెప్పెను. తరువాతి ఆలంకారికులు శాంతమును చేర్చి తొమ్మిదింటిని లెక్కించిరి. ‘మాళవికాగ్నిమిత్రము’న గణదాసు, హరదత్తుడు అను ఇరువురు నాట్యాచార్యులు తమలో ఎవరు ఘనులని వివాదపడుదురు. వేరువేరు అభిరుచులు గల జనులను ఒక్కచోట సంతోషపెట్టగలది నాట్యమే యను భావమును కాళిదాసు ఆ గణదాసు నోట పలికించెను. చిత్రములలోని తెగలను ఈ దృష్టితో చూచిన విషయము తేటపడును. ప్రతి తెగయు ప్రేక్షకునకు ఒక రసమును వాగ్దానము చేయును. హాస్యచిత్రము నవ్వును, అపరాధపరిశోధక చిత్రము ఉత్కంఠను, కుటుంబకథ కరుణను ఇచ్చెదనని పిలుచును. పిల్లలు మెచ్చు ఈ వీరగాథలు అద్భుతమును, వీరమును వాగ్దానము చేయుచున్నవి. అద్భుతమును వడ్డించుచోట కరుణరసమునకై వెదకి, అది లేదని కోపించుట న్యాయము కాదు.

ఇక ‘సూపర్ హీరో’ యనబడు ఈ వీరుని జన్మవృత్తాంతమును చూతము. 1938లో అమెరికాలో ‘యాక్షన్ కామిక్స్’ అను బొమ్మల పత్రిక తొలి సంచికలో ‘సూపర్ మాన్’ కనబడెను. అతనిని సృష్టించినవారు జెర్రీ సీగెల్, జో షుస్టర్ అను ఇరువురు యువకులు. వీరు క్లీవ్‌లాండ్ నగరమున ఒకే పాఠశాలలో చదువుకొన్న మిత్రులు; యూరపు నుండి వలస వచ్చిన యూదు కుటుంబముల బిడ్డలు. వీరి కథానాయకుడు వేరొక గ్రహమున పుట్టి, ఆ గ్రహము నశించుటచే శిశువుగా భూమికి పంపబడి, అమెరికాలోని దంపతులయింట పెరిగినవాడు. అతనికి రెండు పేర్లు. పుట్టినచోటి పేరు కాల్-ఎల్. పెరిగినచోటి పేరు క్లార్క్ కెంట్. పత్రికా కార్యాలయమున అతడు బెదురుచూపుల సామాన్యుడు. ఆపద వచ్చినపుడు మహాబలుడు.

ఈ కథను మన సంఘపు తల్లిదండ్రులు ఒక్క నిమిషము నిలిచి తలపోయవలెను. ఇంట నొక భాష, వీథిలో నొక భాష, పరీక్షలో వేరొక భాష మాటలాడు బిడ్డకు ఇద్దరు మనుష్యులుగా బ్రతుకు వీరుడు పరాయివాడు కాడు. 2002లో వచ్చిన ‘స్పైడర్ మాన్’ చిత్రమున నాయకుడు మొదట పాఠశాల విద్యార్థియే. తల్లిదండ్రులు లేక బంధువులయింట పెరిగిన ఆ బాలుడు, తాను ఉపేక్షించి విడిచిన దొంగ చేతనే తనను పెంచినవాడు మరణించుట చూచి, శక్తితో పాటు బాధ్యతయు వచ్చునని నేర్చుకొనును. పైకి యుద్ధముగా కనబడు ఈ కథలోపల బాల్యము విడిచి పెద్దవాడగుటలోని బాధ యున్నది. పదుమూడేండ్ల బాలుడు దానిని గ్రహించును. అయితే గ్రహించినట్లు మనతో చెప్పలేకపోవచ్చును.

బొమ్మల పత్రికలలోని వీరుడు భారీ వ్యయముతో వెండితెరకు వచ్చినది 1978 నాటి ‘సూపర్ మాన్’తో ననవచ్చును. 2008లో ‘ఐరన్ మాన్’తో మార్వెల్ సంస్థ చిత్రములన్నిటిని ఒకే మహాకథగా అల్లు పద్ధతిని ఆరంభించెను. 2012లో ‘అవెంజర్స్’ వచ్చెను. 2019లో విడుదలైన ‘అవెంజర్స్: ఎండ్ గేమ్’ ఆ వరుసలో 22వ చిత్రము, అది ప్రపంచమంతట సుమారు 279 కోట్ల డాలర్లు వసూలు చేసెను.

పెద్దలకు ఈ చిత్రములు బోధపడకుండుటకు మొదటి కారణము ఇచ్చటనే యున్నది. ఇరువది యొక్క భాగములు చూడక ఇరువది రెండవ దానిని చూచుట, నెలరోజుల పురాణ కాలక్షేపమునకు కడపటి దినమున వచ్చి కూర్చుండుట వంటిది. 1957లో వచ్చిన ‘మాయాబజార్’ చిత్రమున పాండవులు తెరపై కనబడనే కనబడరు. ఐనను కథ మనకు అర్థమగును. ఏలయన భారతకథ మనము చిన్ననాడే వినియుంటిమి. ఘటోత్కచు డెవ్వడో తెలియని విదేశీయుడు ఆ చిత్రమును చూచిన ఎంత తికమకపడునో, మన పిల్లల చిత్రములయెదుట మనమును అంత తికమకపడుచున్నాము.

రెండవ కారణము భాష. పలుదేశములలో ఆడవలసిన చిత్రము మాటలకంటె దృశ్యములనే అధికముగా నమ్ముకొనును. మాటలలోని చమత్కారము వేరొక భాషలోనికి పోవునప్పుడు చాలవరకు జారిపోవును. కూలుచున్న మేడ ఏ దేశమునకు పోయినను కూలుచున్న మేడయే. పింగళి నాగేంద్రరావుగారి సంభాషణలతో చెవికి రుచి మరగినవారికి ఇచ్చట ఆకలి తీరకుండుట సహజము. మూడవ కారణము పునరుక్తి. లోకము నశింపబోవుట, వీరులు కూడుట, కడపట మహాయుద్ధము జరుగుట అను వరుస మాటిమాటికి వచ్చుచున్నది. ఈ ఆక్షేపణలో నిజము లేకపోలేదు.

ఈ వివాదము మన యిండ్లకు మాత్రమే పరిమితము కాదు. 2019లో సుప్రసిద్ధ అమెరికన్ దర్శకుడు మార్టిన్ స్కోర్సేసే, మార్వెల్ చిత్రములు తన దృష్టిలో సినిమా కావనియు, అవి వినోదపు ఉద్యానములను పోలినవనియు చెప్పగా పెద్ద కలకలము రేగెను. ఆ సంవత్సరమే నవంబరులో ఆయన ‘న్యూయార్క్ టైమ్స్’ పత్రికలో తన భావమును వివరించెను. ఆ చిత్రములు తనకు రుచింపకుండుట స్వభావమునకు, అభిరుచికి సంబంధించిన విషయమనియు, తాను తరువాతి కాలమున పుట్టియుండిన బహుశః వానిని మెచ్చియుండునేమో యనియు ఒప్పుకొనెను. ఆయన అసలు దిగులు వేరు. ఈ భారీ చిత్రములు నాటకశాలలన్నిటిని ఆక్రమించుకొనగా, ఇతర చిత్రములకు తెర దొరకుట లేదన్నది ఆయన బాధ. అభిరుచులు వేరువేరుగా నుండుటవలన నష్టము లేదు. ఎంచుకొనుటకు ఒక్క తెగయే మిగులుటవలన నష్టము కలదు. ఈ వివేకము తల్లిదండ్రులకును ఉపకరించును. బిడ్డ ఏది చూచుచున్నాడన్నదానికంటె, అది తప్ప వేరొకటి చూచుచున్నాడా యనునది ముఖ్యమైన ప్రశ్న.

అభిరుచులు కాలముతో మారుననుటకును నిదర్శనములు కలవు. అమెరికాలో ఒకప్పుడు గుఱ్ఱపురౌతుల ‘వెస్టర్న్’ చిత్రములు వెల్లువగా వచ్చి, పిదప తగ్గిపోయెను. సూపర్ హీరో చిత్రములకును ఒకనాడు అదే గతి పట్టునని దర్శకుడు స్టీవెన్ స్పీల్‌బర్గ్ 2015లో చెప్పెను. 2023లో వచ్చిన ‘ది మార్వెల్స్’ తన వరుసలోని చిత్రములన్నిటికంటె తక్కువ వసూలు చేసెను. తెలుగున జానపద చిత్రముల చరిత్రయు ఇట్టిదే. మద్రాసులో నిర్మింపబడి 1951లో విడుదలైన ‘పాతాళ భైరవి’లో తోటరాముడు మాంత్రికుని గెలిచి, కోరినదిచ్చు ప్రతిమను సంపాదించును. ఆ మాయలను, కత్తియుద్ధములను బాల్యమున నోరు తెరచి చూచినవారే నేడు మనుమల చిత్రములను గోలయనుచున్నారు. యంత్రపు కవచము ధరించిన వీరుడు తోటరామునికి దూరపు చుట్టమే గాని శత్రువు కాడు.

అన్ని సూపర్ హీరో చిత్రములును ఒకటే యనుట కూడ పొరపాటు. 2008 నాటి ‘ది డార్క్ నైట్’ నేరప్రపంచపు కథ. అందు ప్రతినాయకునిగా నటించిన హీత్ లెడ్జర్‌కు మరణానంతరము ఆస్కార్ బహుమానము లభించెను. 2018 నాటి ‘బ్లాక్ పాంథర్’ ఒక కల్పిత ఆఫ్రికా రాజ్యపు సింహాసన వివాదము. అది ఉత్తమచిత్ర బహుమానమునకు పోటీలో నిలిచి, వేషధారణ, కళ, సంగీతములకు మూడు ఆస్కార్‌లు పొందెను. 2021లో మలయాళమున వచ్చిన ‘మిన్నల్ మురళి’ పిడుగుపాటువలన శక్తిని పొందిన పల్లెటూరి దర్జీవాని కథ. 2024లో తెలుగున వచ్చిన ‘హను-మాన్’ పల్లెటూరి యువకునికి ఆంజనేయుని అనుగ్రహమున కలిగిన బలమును చూపెను. కాబట్టి “సూపర్ హీరో సినిమాయా?” యని పెదవి విరుచుటకు ముందు “ఏది? దాని కథ యేమి?” అని యడుగుట మంచిది.

ఇక మనము చేయదగిన పనులు. మొదటిది, ధ్రువపత్రమును గమనించుట. 2024 నుండి యూఏ ధ్రువపత్రమును 7+, 13+, 16+ అని మూడుగా విభజించిరి. బిడ్డ వయస్సునకు మించినదానిని నిస్సంకోచముగా వలదనవచ్చును. అభిరుచిని గౌరవించుట యనగా అన్నిటికి తలయూపుట కాదు.

రెండవది, చూచివచ్చిన కథను తెలుగున చెప్పించుకొనుట. మన పిల్లలు ఈ చిత్రములను ఇంగ్లీషున గాని తమిళ అనువాదమున గాని చూచుచున్నారు. స్నేహితులతో ఆ భాషలలోనే చర్చించుచున్నారు. ఇంటికి వచ్చునప్పటికి వారి మనస్సు మాటలతో నిండియుండును. ఆ క్షణమున “ఆ చెత్త యెందుకు చూచితివి?” అని మనమనిన, బిడ్డ నోరు మూసికొనును. అతడు మూసికొన్నది తెలుగు నోరు అని మనము గుర్తింపవలెను. బయట ఆ కథ రెండు భాషలలో సాగుచునే యుండును; ఇంటి భాషలో మాత్రము ఆగిపోవును. “నాయకుడు ఏమి కోరెను? దానికై ఏమి పోగొట్టుకొనెను? నీవైన ఏమి చేసియుందువు?” అను మూడు ప్రశ్నలు చాలును. సమాధానము చెప్పుటకు త్యాగము, ద్రోహము, పశ్చాత్తాపము వంటి మాటలు బిడ్డకు కావలసివచ్చును. మాట తోచనప్పుడు మనము అందింపవచ్చును. వంటయింటి తెలుగు దాటి ఆలోచన తెలుగునకు పోవు మార్గములలో ఇదియు నొకటి.

మూడవది, ఇచ్చిపుచ్చుకొనుట. బిడ్డ మెచ్చిన చిత్రమును ఒకదానిని ఓపికతో చూచి, మనము మెచ్చిన దొకదానిని అతనికి చూపుట. ‘మాయాబజార్’ను బలవంతముగా చూపిన బిడ్డ ఫోనువైపు చూచును, అతని వీరుని గూర్చి విన్న పిదప “మా ఘటోత్కచుని కూడ చూడుము” అని పిలిచిన, పోల్చి చూచుటకైనను కూర్చుండును. అతనికి నచ్చకపోవచ్చును. నచ్చలేదని చెప్పి, ఎందుకు నచ్చలేదో తెలుగున నాలుగు వాక్యములలో వాదించిన యెడల మనము సంతోషింపదగును.

రానున్న సెలవులలో ప్రతి యింటను ఇట్టి వాదము ఒకటైనను జరుగవలెనని మేము కోరుచున్నాము. ఎవరి చిత్రము గెలిచినను మాకు సమ్మతమే. వాదము మాత్రము తెలుగున జరుగునుగాక.